మూతెడు మందు

ఆ ఇంట్లో పట్టుపురుగులు గూడు కట్టకపోవడానికి కారణం కోడలు కాదు, మూత. దగ్గుమందు సీసా మూత.

ఇంత చిన్న మాట చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడైనా చెప్పేవాణ్ణి కాదేమో. మా పరిశోధన కేంద్రంలో నా పై అధికారిగా ఉన్న పెద్దాయన పదవీ విరమణ చేసినప్పుడు ఆయన గౌరవార్థం ఒక సంచిక వేశారు. నన్నూ వ్యాసం అడిగితే ఇచ్చాను. అచ్చయి వచ్చాక తిరగేస్తుంటే, ఆయన పల్లె పర్యటనల గురించి ఎవరో రాసిన పేజీ కనబడింది. హోసూరు దగ్గర ఒక పల్లెలో మూఢనమ్మకాల్లో మునిగిన కుటుంబం ఒకటి శుభ్రత పాటించక పంట పోగొట్టుకుందట. పెద్దాయన స్వయంగా వెళ్ళి వాళ్ళ కళ్ళు తెరిపించారట.

కళ్ళు తెరిపించారట! ఆ రోజు ఆ జీపులో ఆయన పక్కన కూర్చుని వెళ్ళింది నేను. అక్కడ ఎవరి కళ్ళు తెరుచుకున్నాయో, ఎవరి నోళ్ళు మూసుకున్నాయో నాకు తెలుసు. 

నేను పురుగుల శరీరం లోపల జరిగేవాటిని చదివినవాణ్ణి. మా నాయనకు హోసూరులో కిరాణా అంగడి ఉండేది. నేను ఈ చదువుకు పోతానన్నప్పుడు ఆయన, "పురుగులకు కూడా చదువేమిరా? బియ్యం మూటల్లో ఉండేవి చాల్లేదా నీకు?" అన్నాడు. అంగడికి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించాడు. నాకు మాత్రం ఆ చదువు ఒక మైకం. బెంగళూరులో చదివేటప్పుడు పట్టుపురుగు ఛాతీ వెనక దారంతో బిగించి కట్టేవాళ్ళం. కొన్నాళ్ళకు దారానికి ముందున్న సగం ప్యూపాగా మారేది, వెనక సగం పురుగుగానే ఉండిపోయేది. ఒకే ఒంట్లో ఒక సగానికి వయసు వచ్చి, ఇంకో సగం పిల్లగానే మిగిలిపోవడం మొదటిసారి చూసినప్పుడు ఆ తట్ట దగ్గరి నుంచి లేవలేకపోయాను. పెరగమని చెప్పే రసం ఒకటి తల వైపు నుంచి కిందికి దిగాలి. దారం అడ్డుపడితే దిగదు. అంతే.

నేను ఎక్కువ కాలం పనిచేసింది ఇంకో రసం మీద. పురుగు తలలో కంటికి ఆనని గ్రంథి ఒకటి ఉంటుంది. దాని రసం ఊరుతున్నంతకాలం పురుగుకు అందే ఆజ్ఞ ఒకటే: నువ్వింకా పిల్లవి, తిను. ఆ రసం ఆగిపోయిన రోజున పురుగు మల్బరీ ఆకు మానేస్తుంది, ఒళ్ళు పండి పసుపుగా మెరుస్తుంది, తల పైకెత్తి గూడు కట్టే చోటు వెతుక్కుంటుంది. ఆ రసం లాంటి మందును ఆఖరి వయసులో రవ్వంత ఇస్తే, పురుగు ఇంకొంచెం ఎక్కువ తిని, బరువైన గూడు కడుతుంది. ఎక్కువ ఇస్తే తింటూనే ఉంటుంది. ఉబ్బుతుంది, పాలిపోతుంది, గూడు మాట మరిచిపోతుంది, చివరికి తట్టలోనే కుళ్ళిపోతుంది. ఇది మాకు కొత్త సంగతి కాదు. మా ల్యాబు తట్టల్లో మేమే కావాలని చేసి చూసిన పని.

తొంభైల నడుమ ఈ మందును రైతుల ఇళ్ళకు చేర్చాలని పెద్దాయన తొందరపడ్డారు. మాటకారి మనిషి. "ల్యాబులో బరువు తూచి ఎవరికి చూపిస్తావయ్యా? రైతు ఇంట్లో తూచు," అనేవారు. తప్పు మాటేమీ కాదు. కానీ ఆ తొందర రైతు కోసం కాదు. పై నుంచి ఎవరో చూడటానికి వస్తున్నారు, వాళ్ళకు చూపించడానికి ఊళ్ళు కావాలి.

ల్యాబులో మేము మందును బొట్టులో బొట్టు లెక్కన పిప్పెట్టుతో కొలిచేవాళ్ళం. రైతు ఇంట్లో పిప్పెట్టు ఎక్కడుంటుంది? అందుకని చిన్న గాజుసీసాల్లో పోసి, "బిందెడు నీళ్ళకు ఒక మూత" కలిపి పురుగుల మీద చల్లమని చెప్పాం. రైతు భాషలో సైన్సు చెప్పగలిగామని మాకు భలే గర్వం. మొదటి విడతలో బాగానే జరిగింది. గూళ్ళు బరువు తూగాయి, ఫొటోలు తీశారు. తర్వాతి విడతకు ఊళ్ళు పెంచారు. చిన్న సీసాలు చాలలేదు. స్టోర్సువాళ్ళు దగ్గుమందు పోసే గోధుమరంగు సీసాలు తెప్పించారు. మందు అదే, చిక్కదనం అదే, మా నోటికి అలవాటైన మాట కూడా అదే. బిందెడు నీళ్ళకు ఒక మూత. ఆ సీసా మూతలో ఎంత పడుతుందో ఒక్కరూ చూడలేదు. అందరం డాక్టరేట్లు చేసినవాళ్ళమే. ఊరూరా నిలబడి ఆ మాట చెప్పింది నా నోరే.

ఆ ఊరు కెలవరపల్లి కాలువ నీళ్ళు పారే ఊరు. ఇంట్లో అత్త, కొడుకు, కోడలు. అత్త చేతికి పంట ఎప్పుడూ తప్పదని పేరు. పురుగుల ఇంటికి వాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. చావింటికి పోయివచ్చినవాళ్ళు, బయటచేరిన ఆడవాళ్ళు గడప దాటకూడదు. దీన్ని మా వాళ్ళు చాయ తాగుతూ ఎగతాళి చేసేవాళ్ళు. పెద్దాయన అయితే తన ఉపన్యాసాల్లో దీన్నొక హాస్యంగా వాడుకునేవారు.

ఆ ఊరి నుంచి మనిషి వచ్చి, పురుగు పండటం లేదు, రమ్మన్నాడు. పెద్దాయనా నేనూ వెళ్ళాం. వాకిట్లో వెదురు చంద్రికలు నిలబెట్టి ఉన్నాయి, పండిన పురుగును ఎక్కించి గూడు కట్టించడానికి. ఒక్కదాని మీద కూడా పురుగు లేదు. లోపల తట్టల నిండా బొద్దుగా, పాలరంగులో, నమిలేస్తూ పురుగులు.  ఆ రంగు నాకు తెలుసు.

"సార్, ఇవి కుంభకర్ణుడి మాదిరి తింటానే ఉండాయి," అన్నాడు కొడుకు. "మందు పోయని పక్కింటోళ్ళ పురుగు ఎప్పుడో గూడు కట్టె. మీ మందు పోసినంకనే..."

తల్లి వాణ్ణి మాట పూర్తి చేయనివ్వలేదు. "మందు మీద చెప్పొద్దురా. మందు మంచిదే. శని ఇంట్లోనే ఉంది."

పెద్దాయన ఆ మాటను గాల్లోనే అందుకున్నారు. "ఏమైందమ్మా? లోపలికి ఎవరు పోయినారు?"

"అదో, దాన్నే అడుగు సార్."

కోడలు పశువుల కొట్టం దగ్గర ఆకు గంపతో నిలబడి ఉంది. ఇరవై దాటని పిల్ల. భయపడలేదు, తలెత్తే అత్తకు చెప్పింది. "పోయినాను. నీకు చలిజొరం, లేస్తే పడిపోతావుంటివి. నీ కొడుకు ఆకు కోసేదానికి పోయిండె. పురుగు నోరు తెరుచుకోని ఉంటే, నేను బయటచేరినానని ఈడ కూచోనుండేదా?"

"విన్నారా సార్? నోరు చూడు దానిది."

అప్పుడు ఆ వాకిట్లో, ఇరుగుపొరుగువాళ్ళు గోడ మీది నుంచి చూస్తుండగా, ఉపన్యాసాల్లో ఇదే సంగతి చెప్పి నవ్వించే మనిషి అన్న మాటలు ఇవి: "అదేనమ్మా కారణం. ఆ దినాల్లో లోపలికి పోగూడదని పెద్దోళ్ళు ఊరికే చెప్పినారా? మేము చదివినోళ్ళమే చెప్తా ఉండాం. ఇంక మీద జాగ్రత్తగా ఉండండి."

నేను అప్పటికి కిటికీ దగ్గర ఉన్నాను. గోధుమరంగు సీసా కిటికీలోనే ఉంది. నా సంచిలో పాత చిన్న సీసా ఒకటి ఉండిపోయింది. దాని మూత తీసి ఈ మూతలో పెట్టాను. లోపలికి దిగిపోయి, కదిలిస్తే గలగలమంది. పక్కన ఇంకా చాలా చోటు మిగిలింది.

రెండు మూతలూ పిడికిట్లో పట్టుకుని బయటికి వచ్చాను. అప్పుడే చెప్పాల్సింది. అత్త నిలబడి ఉంది, కోడలు నిలబడి ఉంది, గోడ మీద ఊరు నిలబడి ఉంది. నేను జీపెక్కి కూర్చున్నాను.

జీపు రోడ్డెక్కాక మూతలు చూపించాను. ఆయన చూశారు. ఆయనకు తెలియకపోవడమేమిటి? ఆ తట్టలు చూసిన క్షణమే ఆయనకూ తెలుసు.

"ఏమి చూసినావయ్యా నువ్వు? మూత చూసినావు. మూత చూస్తే సైన్సా? వాళ్ళు ఎంత పోసినారో నువ్వు పక్కనుండి చూసినావా? ఆకు చెడ్డదేమో, గుడ్డు చెడ్డదేమో. చేసి చూపించు, అప్పుడు మాట్లాడు."

"అయితే ఆ అమ్మాయి మీద ఎందుకు వేసినారు సార్?"

"నేను వేసినానా? వాళ్ళే వేసుకున్నారు. నేను ఊ అన్నాను. రేపు ఇంకో ఊర్లో మందు వద్దంటే నీ పరిశోధన ఏమవుతుందో ఆలోచించు."

నన్ను ఎక్కడ పట్టుకోవాలో ఆయనకు బాగా తెలుసు.  నాకు చదువు చెప్పినవాళ్ళందరూ నేర్పింది అదే. చేసి చూడనిదే చెప్పకు, ఒకసారి వచ్చింది నిజం కాదు, మళ్ళీ చెయ్యి. నేను తట్టలు పెట్టాను. కొన్నింటికి చిన్న మూత, కొన్నింటికి పెద్ద మూత, కొన్నింటికి వట్టి నీళ్ళు. పెద్ద మూత తట్టల్లో పురుగులు ఆ ఇంట్లో లాగే ఉబ్బాయి, ఆ ఇంట్లో లాగే కుళ్ళాయి. ఒక పంట చాలదని మళ్ళీ పెట్టాను. ఎండాకాలంలో వేరుగా ఉంటుందేమోనని మళ్ళీ పెట్టాను. ఎంత జాగ్రత్త! ఎంత నిజాయితీ! ఆ జాగ్రత్త గురించి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మా తప్పు రుజువు కావడానికి ఇన్ని తట్టలు, ఇన్ని పంటలు కావాల్సి వచ్చాయి. ఆమె తప్పు రుజువు కావడానికి ఒక్క పంట చాలింది, ఒక ప్రభుత్వ ఉద్యోగి 'ఊ' అనడం చాలింది. ఆమె విషయంలో మళ్ళీ చేసి చూద్దామని ఎవరూ అనలేదు.

నా తట్టల పని ముగిసేలోపే ఆమెను కావేరిపట్టణంలో పుట్టింటికి పంపేశారని ఆ ఊరి మనిషి ఒకడు చెప్పాడు. పంట తర్వాత పంట ఇంట్లో ఏది తేడా వచ్చినా ఆమె పేరే చెప్పారట. ఆ సంగతి విన్నాక కూడా నేను వెళ్ళలేదు. ముందు అచ్చు కానీ, చేతిలో గట్టి ఆధారం ఉంటుంది అనుకున్నాను. అచ్చయింది. మందు మోతాదు మించితే గూడు కట్టడం ఎలా ఆగిపోతుందో వివరించిన ఆ పత్రాన్ని అందరూ మెచ్చుకున్నారు, నాకు పై మెట్టు ఎక్కడానికి పనికొచ్చింది. పెద్దాయన పేరు నా పేరుకు ముందుంది. ఆ ఊరు అందులో ఎక్కడా లేదు. ఈలోపల ఆమె మొగుడికి మళ్ళీ పెళ్ళయింది. మేము మూత కొలత మార్చాం, ఎందుకు మార్చామో ఏ ఊరికీ చెప్పలేదు.

ఇంత జరిగాక అదే కథను తిప్పి, ఆ ఇంటివాళ్ళే మూఢులని, ఈయన వెలుగు చూపించాడని అచ్చు వేస్తే ఎట్లా ఊరుకోను? ఆ వాకిట్లో మూఢనమ్మకానికి ముద్ర వేసి ఇచ్చిందే ఆయన. పెద్దాయనకు ఫోను చేశాను. "అదంతా ఎవరో పొగడాలని రాసింది, వదిలెయ్యవయ్యా," అని నవ్వారు. ఆ నవ్వు వినే బస్సెక్కాను.

కావేరిపట్టణంలో ఆమె అన్న ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. ఆమె క్రిష్ణగిరి వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తోందని, మధ్యాహ్నం అన్నం వేళకు గేటు దగ్గరికి వస్తుందని చెప్పారు. వెళ్ళి నిలబడ్డాను. రోడ్డు పొడుగునా మామిడికాయల లారీలు, పులిసిన వాసన, ఈగలు. తలకు గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళ గుంపులో ఆమె నన్ను ముందు గుర్తుపట్టింది.

"జీపులో వచ్చిండే చిన్నసారు కదా నువ్వు? తల నెరిసిపోయిందే."

గేటు పక్కన నిలబడే అంతా చెప్పాను. మూత, మందు, మా తప్పు. అంతా విని, అన్నం గిన్నె మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"నా తప్పు కాదని నాకు అప్పుడే తెలుసు సార్."

"ఎట్లా తెలుసమ్మా?"

"నేను లోపలికి పోయింది ఆ ఒక్క పంటకేనా? అంతకు ముందర ఎన్ని పంటలకు పోయినానో! మా అత్తకు తెల్దు, అంతే. ఆకు వేసే పని ఎక్కువుంటే ఎవరు చూసేది? ఆ పంటలన్నీ పండె. ఆ గూళ్ళు అమ్మే కదా ఇంటికి కప్పు వేసింది."

పక్కనున్న ఆడవాళ్ళు గొల్లుమన్నారు. నేను నవ్వలేకపోయాను. నేను ఏళ్ళ తరబడి తట్టల్లో వెతికిన జవాబు ఆ వాకిట్లో కోడలి దగ్గరే ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు, అంతే. "అప్పుడే చెప్పుండొచ్చు కదమ్మా?" అన్నాను.

"చెప్తే? ఒక పంట పాపం పోయి, పది పంటల పాపం నెత్తికి వచ్చుండు. భలే చెప్తావు నువ్వు." ఆమె గొంతు మారింది. "ఇదంతా నాకెందుకు చెప్తావప్పా? నాకు తెలిసిందే నాకు చెప్పేదానికి ఇంతదూరం వచ్చినావా? ఆడ చెప్పు. మా అత్త ముందర, ఊరి ముందర. జీపులో వచ్చి చెప్పిపోయినారు కదా, అట్లే జీపులో పోయి చెప్పు."

సొంత పనికి జీపు ఇవ్వరని ఆఫీసులో తేల్చి చెప్పారు. బస్సు దిగి షేర్ ఆటోలో వెళ్ళాను. ఆ ఇంట్లో ఇంకా పురుగు సాకుతున్నారు. అత్త ముసలిదైపోయింది, చూపు మాత్రం అట్లాగే ఉంది. రెండో కోడలు చూరు కింద విడిగా చాప వేసుకుని కూర్చుని, ఆకు రెమ్మలు ఏరుతోంది. ఎందుకు విడిగా కూర్చుందో నేను అడగనక్కరలేదు.

వాకిట్లోనే నిలబడి, గోడ అవతలికి వినబడేటట్టు చెప్పాను. ఆ పంట చెడిపోయింది మా మందువల్ల. మీ కోడలి వల్ల కాదు. పెద్దసారు చెప్పింది అబద్ధం. అబద్ధమని తెలిసీ నేను పక్కన నిలబడ్డాను.

 అత్త అందుకుంది.

"అప్పుడు నోట్లో ఏమి పెట్టుకోనుంటివప్పా? ఆయప్ప చెప్తే కదా నేను పంపించింది! లేకుంటే రెండు దినాలు తిట్టి ఊరుకుండేదాన్ని. చదివినోళ్ళు, జీపులో వచ్చినోళ్ళు చెప్తారే, మనమేం ఎక్కువ తెలిసినోళ్ళమా అనుకుంటిని. ఇప్పుడు వచ్చి కాదంటావు. దాన్ని తెచ్చిస్తావా? నా కొడుక్కి ఇంగొకతె ఉంది, ఇద్దరు బిడ్లుండారు. ఏమి చేయమంటావు నన్ను?"

ఊరికే తిట్టి ఊరుకునేదో లేదో నాకు తెలియదు. ఆమె తప్పును నా మీదికి తోస్తోందేమో కూడా. కానీ కొంత తోసే హక్కు ఆమెకుంది. 

"ఊరికి వినబడాలనే కదా గట్టిగా చెప్తివి. సాయంత్రం పాల సొసైటీ కాడికి అందరూ వస్తారు. ఆడికి పో. నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పుకున్నానే, నువ్వు కూడా చెప్పు."

పాల సొసైటీ దగ్గర క్యాన్లు పట్టుకుని వరసలో ఉన్నవాళ్ళకు మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. సగం మంది విన్నారు. ఒక పెద్దమనిషి, "అయితే సార్, కోడలికి బదులు ఆ సీసాను పుట్టింటికి పంపించాల్సిండె," అన్నాడు. నవ్వారు. ఇంకొకామె నవ్వకుండా, "మా పంట కూడా ఆ వత్సరమే పోయె. మేము గాలి తగిలిందనుకుంటిమి. మాకు ఒక్కరన్నా చెప్తిరా?" అని నిలదీసింది. ఎన్ని ఇళ్ళల్లో ఎవరెవరి మీద వేసుకున్నారో! గాలి మీద వేసుకున్నవాళ్ళు అదృష్టవంతులు. గాలికి పుట్టిల్లు లేదు.

సంచిక వేసినవాళ్ళకు కూడా రాశాను. ఇప్పుడు మార్చడం కుదరదన్నారు. అందుకే ఇది.

ఆ తర్వాత మళ్ళీ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళాను, చెప్పి వచ్చానని చెప్పడానికి. ఆమె చేతులు మోచేతుల దాకా మామిడి గుజ్జుతో పసుపుగా ఉన్నాయి.

"జీపులో పోయినావా?"

"ఇవ్వలేదమ్మా. బస్సులో పోయినాను."

"అట్లనా. మా అత్త ఏమనె?"

అన్నీ చెప్పాను. అత్త తిట్టింది చెప్పినప్పుడు ఆమె పెదవి కొంచెం కదిలింది. సీసాను పుట్టింటికి పంపమన్న మాటకు నవ్వలేదు.

"ఆడ ఇప్పుడుండే ఆ పిల్ల యాడ కూచోనుండె?"

"నేను పోయినప్పుడు చూరు కింద, విడిగా కూర్చోనుండె."

"నువ్వు చెప్పినంక? వచ్చేటప్పుడు? లోపలికి పోయెనా, ఆడనే ఉండెనా?"

నేను ఆలోచించాను. అత్త మాటలు గుర్తున్నాయి, వాకిలి గుర్తుంది, ఆటో కోసం తొందరపడటం గుర్తుంది.

"చూడలేదమ్మా."

లోపల గంట కొట్టారు. ఆమె తలగుడ్డ బిగించుకుంటూ లేచింది.

"అది చూడకుండా వచ్చినావా? ఏమి సైంటిస్టువప్పా నువ్వు!"